ఖాతాదారుతోనే మాట్లాడాలి

సమ్మక్క గడప దాటి లోపలికి రాలేదు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఫోన్ చేత్తో పట్టుకుని తలుపు బయటే నిలబడింది. పొద్దున ఏడు కావస్తోంది. ఆమె పనిచేసే కార్ఖానాలో బాబిన్లు చుట్టే మిషన్లు ఏడున్నరకు మొదలవుతాయి.

"అక్కా, ఏమనుకోకు. నిన్ను అడుగుడు నాకే మంచిగనిపిస్తలేదు. సార్ బడి తెరుచుకుంటలేదు."

అనురాధ ఒళ్లో చీర పరిచి ఉంది. అంచు మీది పూల వెంట జిగురు చుక్కలు అప్పటికే పెట్టేసింది. అవి ఆరేలోగా రాళ్లు అంటించాలి. మైనం ముద్ద పెట్టిన పుల్ల కొసతో ఒక్కో మెరుపు రాయిని ఎత్తి చుక్క మీద దింపుతూనే తలెత్తి చూసింది.

"ఎన్ని రోజులాయె?"

"నాలుగు రోజులు. నా ఫోనే ఖరాబైందేమో అనుకున్న. మా కార్ఖానల ఇంకొకామె ఫోన్ల చూసినా గట్లనే వస్తుంది. ఇంగ్లీషుల ఏందో రాసి ఉంటది."

ఫోన్ ముందుకు చాపింది. తెల్లటి పేజీ మీద రెండే వరుసలు. అనురాధ కూడబలుక్కుని చదివింది. ఈ ఖాతా నిలిపివేయబడింది. ఖాతాదారు సంప్రదించాలి.

"పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే నెల పదిహేనుకు. లెక్కలొక్కటే మిగిలింది." సమ్మక్క ఫోన్ వెనక్కి తీసుకుని కొంగుతో అద్దం తుడిచింది. "ఈసారి అందర్నీ పరీక్ష లేకుండనే పాస్ చేసిండ్రు. మాలాంటి ఫెయిలైనోళ్లనే రాయుమంటున్నరు. వేరేటోళ్ల వీడియోలు చూసిన అక్కా, వాళ్లు ఉరుకుతరు. సార్ చెప్తెనే నాకెక్కుతది."

ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. అంగన్‌వాడీలో పని దొరకాలంటే పదో తరగతి పాసవ్వాలన్నారని పన్నెండేళ్ల తరవాత మళ్లీ పుస్తకం పట్టుకుంది. మిషన్ దగ్గర ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠాలు వింటుందని అనురాధ భర్త సోమలింగం ఒకసారి చెప్పి మురిసిపోయాడు.

"నేను అడుగుత తియ్యి. నువ్వు పనికి పో," అంది అనురాధ.

సమ్మక్క వెళ్లాక మళ్లీ పుల్ల అందుకుంది. చివరి వరసలో జిగురు అప్పటికే ఆరిపోయి గట్టిపడింది. గోరుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, మొదటి నుంచి చుక్కలు పెట్టింది.

ఆ బడి గోడలున్న బడి కాదు. సోమలింగం పగలు మగ్గానికి పడుగు చుట్టే వార్పింగ్ మిషన్ మీద పనిచేసి, సాయంత్రాలు ఈ గదిలోనే గుజరాత్‌లోని ఈ లింబాయత్ వాడ తెలుగు పిల్లలకు ట్యూషన్ చెప్పేవాడు. లాక్‌డౌన్ వచ్చి పిల్లలు రావడం ఆగిపోయాక, ఎవరో అమ్మేసిన పాత కంప్యూటర్ తెచ్చుకుని ఆ పాఠాలన్నీ ఒక వెబ్‌సైట్లో పెట్టాడు. రాసినవి కొన్ని, మాటలో చెప్పినవి కొన్ని. మామూలు ఫోన్లో కూడా తెరుచుకోవాలని ఒక్కో పాఠాన్ని కుదించి కుదించి పెట్టేవాడు. ఏప్రిల్ ఇరవై నాలుగున ఆసుపత్రి వాళ్లు అతని ఫోన్ని, చెప్పుల్ని ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి అనురాధ చేతికిచ్చారు. ఫోన్ వెనక బెడ్ నంబరు రాసిన కాగితం అలాగే అంటుకుని ఉంది. రోజూ ఛార్జింగ్ పెట్టడం తప్ప ఆమె దాన్ని తెరవలేదు. అందులో బడి తెరిస్తే అతని గొంతు వినిపిస్తుంది.

ఆ పూట తెరిచింది. మెయిళ్లలో, వెబ్‌సైట్‌కు చోటిచ్చే హోస్టింగ్ కంపెనీది ఒకటి దొరికింది. తేదీ మే మూడు. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుందట. పాత ఖాతాదారులందరూ తామెవరో మళ్లీ రుజువు చేసుకోవాలట. నెలలోపు చేసుకోకపోతే ఖాతా నిలిపివేస్తారట. అది వచ్చేనాటికి సోమలింగం పోయి తొమ్మిది రోజులైంది. దాని కింద మొన్న వచ్చిన మెయిల్ ఇంకొకటి ఉంది. వచ్చే బుధవారం వరకూ రుజువు రాకపోతే లోపలున్నదంతా శాశ్వతంగా తొలగిస్తారట.

ఇవాళ మంగళవారం. ఇంకా ఎనిమిది రోజులు.

మెయిల్ అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, ఫోన్ని పీట మీద ఉంచింది. హిందీకి రెండు నొక్కమన్నారు. ఖాతా గురించి అయితే నాలుగు నొక్కమన్నారు. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనదని ఒక ఆడగొంతు చెప్పి, సంగీతం మొదలుపెట్టింది. ఒకే ముక్క. అది అయిపోతుందనుకున్న చోట మళ్లీ మొదటికొస్తుంది. అనురాధ చీర పల్లూ ఒకటి పూర్తి చేసి మడతపెట్టింది. రెండోది పరిచి చుక్కలు పెడుతుండగా ఒకతను వచ్చాడు. హిందీలో, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"మీకు ఏ విధంగా సహాయపడగలను మేడమ్?"

ఆమె చెప్పింది. అతను కీబోర్డు టకటకలాడించాడు.

"ఇది సోమలింగం గారి ఖాతా మేడమ్. ఖాతాదారుతోనే మాట్లాడాలి."

"ఆయన లేరు."

"ఎప్పుడు అందుబాటులో ఉంటారు?"

అనురాధ చేతిలో పుల్ల గాలిలోనే ఆగింది.

"చనిపోయారు. ఏప్రిల్‌లో. కోవిడ్."

కీబోర్డు చప్పుడు ఆగింది. తరవాత అతను ఎదురుగా ఏదో చూసి చదువుతున్నట్టు, "మీకు కలిగిన బాధకు మా సంస్థ చింతిస్తోంది," అన్నాడు. "మేడమ్, మీరొక పని చెయ్యండి. ఖాతా మీ పేరుకు మార్చడానికి తనకు సమ్మతమేనని ఖాతాదారు నుంచి ఒక మెయిల్ పంపించండి."

"ఆయన చనిపోయారని చెప్పాను కదా భయ్యా."

"అర్థమైంది మేడమ్. కానీ ఆ మెయిల్ లేకుండా ఇక్కడ ముందుకు వెళ్లదు. ఇంకేమైనా సహాయం కావాలా?"

*

రెండో రోజు అనురాధ కంపెనీ పేజీలో చాటింగ్ చేసింది. ఆమె టైప్ చేసినదానికి అవతల నుంచి కన్నుమూసి తెరిచేలోగా జవాబొచ్చేది. మీ సమస్య ఏమిటో కింది వాటిలో ఎంచుకోండి. పాస్‌వర్డ్ మర్చిపోయారా, ప్లాన్ మార్చాలా, కొత్త డొమైన్ కావాలా. ఖాతాదారు మరణించారా అన్నది అందులో లేదు. ‘ఇతరములు’ నొక్కితే మళ్లీ అవే మూడు వచ్చాయి. నాలుగోసారి నొక్కాక, ఇక మనిషే జవాబిస్తాడని ఒక వాక్యం కనిపించింది. ఆ మనిషి గంటన్నర తరవాత వచ్చి, మరణ ధ్రువపత్రం అప్‌లోడ్ చేయమని ఒక లింకు పంపి, ఆమె మరో ప్రశ్న అడిగేలోగా చాట్ ముగించి వెళ్లిపోయాడు.

ధ్రువపత్రం ఉంది. వార్డు ఆఫీసు ముందు ఎడం కోసం గీసిన గుండ్రాల్లో మూడు రోజులు నిలబడి తెచ్చుకున్నది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బియ్యం డబ్బా వెనక దాచింది. ఫోన్‌తో ఫొటో తీసి పంపితే సైజు ఎక్కువైందన్నది ఆ పేజీ. తగ్గించి పంపితే అక్షరాలు కనపడటం లేదన్నది. చివరికి కొంగు తలమీదుగా లాక్కుని ఎండలో నడిచి సందు చివర జిరాక్స్ దుకాణానికి వెళ్లింది. దుకాణంవాడు కాగితం మిషన్ కింద పెట్టబోతూ పైన రాసింది చూసి, "ఎవరు బెన్?" అని గుజరాతీలో అక్కా అని పిలిచినట్టు అడిగాడు.

"మా ఆయన."

వాడు ఆ పేరు మరోసారి చదివాడు. స్కాన్ చేసి, ఆమె చెప్పిన చోటికి పంపించి, కాగితాన్ని రెండు చేతులతో తిరిగిచ్చాడు. వారం రోజుల్లో ఆ కాగితాన్ని చూసి ఒక క్షణం ఆగిన మనిషి అతనొక్కడే.

గురువారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. మీరు పంపిన పత్రంలోని పేరు, ఖాతాలోని పేరుతో సరిపోలడం లేదు. పత్రంలో రాపెల్లి సోమలింగం రాజలింగం అని గుజరాత్ పద్ధతిలో తండ్రి పేరు కలిపి ఉంది. ఖాతాలో ఏముందో కూడా వాళ్లే రాశారు.

సోమలింగం సార్.

పేరు అడిగిన గడిలో, పిల్లలంతా తనను ఏమని పిలుస్తారో అదే కొట్టి పెట్టాడు. అనురాధకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. ఆ గదిలో తన నవ్వు వినపడి, తనే ఉలిక్కిపడి ఆపేసింది.

మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నలభై నిమిషాలు. వచ్చిన అమ్మాయి కీచుగొంతుతో చకచకా చెప్పుకుపోయింది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్ కావాలి. వారసురాలు మీరేనని తహసీల్దారు ఇచ్చిన పత్రం కావాలి. రెండూ అందిన తరవాత ముప్పై పని దినాలు.

"బుధవారం అంతా తీసేస్తామని మీరే మెయిల్ పంపారు. ముప్పై రోజుల తరవాత నాకు ఏం ఇస్తారు?"

"తొలగించడం మా విభాగం కాదు మేడమ్. అది సిస్టమ్ చేస్తుంది."

"ఆ సిస్టమ్‌కు చెప్పి ఆపించండి."

"సిస్టమ్‌ను మేం ఆపలేం మేడమ్."

"ఆయన గొంతుంది అందులో." ఆ మాట అనాలని అనురాధ అనుకోలేదు. ఇన్ని రోజులూ పాఠాలు, పరీక్ష, పిల్లలు అనే చెప్పింది. "నా దగ్గర వేరే ఎక్కడా లేదు. కంప్యూటర్ వానకు తడిసి పాడైంది. ఉన్నదంతా మీ దగ్గరే ఉంది."

అవతల ఆ అమ్మాయి ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఏదో అనబోతోందనిపించింది.

"మీ అభిప్రాయాన్ని పైవారికి తెలియజేస్తాను. ఇంకేమైనా సహాయం కావాలా?"

అనురాధ ఎర్ర గుర్తు నొక్కి ఫోన్ బోర్లా పెట్టింది. జిగురు ఆరిన రెండు వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ, పొరలు పొరలుగా ఊడుతున్న జిగురును చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఆ రోజు ఇక చీర ముట్టుకోలేదు.

*

శనివారం సాయంత్రం కార్ఖానాలో పగటి పాలి ముగిసి, షిఫ్టు దిగి పరుశురాం వచ్చాడు. సోమలింగం తమ్ముడు. పాలి దిగాక కూడా మగ్గాల మోత మధ్య ఉన్నట్టే గట్టిగా మాట్లాడతాడు. చెవుల్లో సగం వినికిడి ఆ మోతలోనే పోయింది. చేతిలో సంచి గడప లోపల పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు. సంచిలో దొండకాయలు, కొత్తిమీర.

అనురాధ జరిగిందంతా చెప్పింది. అతను తల ఒక పక్కకు వంచి, బాగా వినపడే చెవిని ఆమె వైపు పెట్టి విన్నాడు.

"నాకు సమజ్ కాలే వదినె. అన్న సైట్ మన ఫోన్ల ఉంటది గదా. వాళ్లెట్ల తీస్తరు?"

"ఫోన్ల ఉండదు. వాళ్ల కాడ ఉంటది. కిరాయి ఇల్లు లెక్క. మనం తాళం తీసుకొని పోతెనే లోపల మన సామానుంటది."

"కిరాయి కట్టిండా?"

"రెండేండ్లది ఒక్కపారే కట్టిండు. కిరాయి అడుగుతలేరు వాళ్లు. కిరాయికి తీసుకున్నాయనే వచ్చి నిలబడాలంటున్నరు."

పరుశురాం చేతిలో మాస్కు నాలుగు మడతలు పెట్టి విప్పాడు. మళ్లీ మడిచాడు.

"నువ్వు నిజం చెప్పుడే తప్పయింది," అన్నాడు. "అన్న ఉన్నడంటే అయిపోతుండె. ఫోన్ ఉంది, సిమ్ నడుస్తుంది. ఓటీపీ వస్తది. ఇంకేం గావాలె?"

"ఉన్నడని చెప్పాల్నా?"

"నువ్వెందుకు, నేను చెప్త. నా గొంతు అన్న లెక్కనే ఉంటదని అమ్మ ఎప్పటికీ అనేది."

అనురాధ దొండకాయల సంచి లోపలికి తీసుకెళ్లి, గిన్నెలో పోసి, తిరిగి వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడింది.

"వార్డు ఆఫీసుల చెప్పిన. బ్యాంకుల చెప్పిన. రేషన్ దుకాణంల పేరు కొట్టేయించేతందుకు చెప్పిన. మీ అన్న చచ్చిపోయిండని ఈ నోటితోని ఎంతమందికి చెప్పిన్నో నాకే యాది లేదు. ప్రతి ఒక్కడు రుజువేందన్నడు. రుజువులిచ్చి ఇచ్చి ఇప్పుడు నాకే నమ్మకం కుదురుతుంది. మళ్ల ఉన్నడని ఎట్లంట?"

సందులోంచి షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"సమ్మక్క నిన్న కార్ఖానల కనపడ్డది," అన్నాడు చివరకు. "ఏమైందని అడగలే. నన్ను చూసి పక్కకు తిరిగింది, అడిగితే బాధపడ్తమని."

అనురాధ ఫోన్ తీసుకొచ్చి అతని పక్కన మెట్టు మీద పెట్టింది.

*

ఆదివారం పొద్దున సోమలింగం పేరుతో కొత్తగా దరఖాస్తు నింపారు. నేను ఖాతాదారుని, నా గుర్తింపు రుజువు చేసుకోవాలనుకుంటున్నాను. పంపిన నిమిషంలో జవాబొచ్చింది. నలభై ఎనిమిది గంటల్లోగా, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు మధ్య, మీ నంబరుకు మా ప్రతినిధి ఫోన్ చేస్తారు.

పరుశురాం రోజంతా ఆ ఫోన్ ముందే కూర్చున్నాడు. అన్న పుట్టిన తేదీ, మెయిల్ చిరునామా సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుని బట్టీ పట్టాడు. "హాఁ జీ, సోమలింగం బోల్ రహా హూఁ," అని, సోమలింగాన్ని మాట్లాడుతున్నానని హిందీలో మళ్లీ మళ్లీ అని చూసుకున్నాడు.

"జర మెల్లగ. మీ అన్న అట్ల ఒర్రడు," అంది అనురాధ పొయ్యి దగ్గరి నుంచి.

అతను గొంతు తగ్గించి మళ్లీ అన్నాడు. ఆ తగ్గించిన గొంతు నిజంగానే దగ్గరగా ఉంది. అనురాధ చిప్పగరిటె గిన్నెలో వదిలేసి, నీళ్ల బిందె నిండిందో లేదో చూసే నెపంతో బయటికి వెళ్లింది.

ఆరు దాటింది. ఫోన్ రాలేదు.

సోమవారం పొద్దున పాలికి రానని కార్ఖానా సేఠ్‌కు కబురు పెట్టి పరుశురాం మళ్లీ వచ్చాడు. పదకొండుకు ఒకసారి మోగింది. గబుక్కున అందుకుంటే, అది ఏదో బీమా కంపెనీ రికార్డింగు. ఒంటిగంట దాటాక సేఠ్ మనిషి నుంచి అతని ఫోన్‌కు పిలుపొచ్చింది. ఊళ్లకు పోయినవాళ్లు సగంమంది ఇంకా తిరిగి రాలేదు, ఎనిమిది మగ్గాలు ఆగి ఉన్నాయి, ఇప్పుడే రాకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు.

"ఫోన్ నేను తీసుకపోదునా?"

"ఆ మోతల నీకు మోగుడే వినపడదు. వాళ్లకు నీ మాట వినపడదు. ఇక్కడనే ఉంచు. వస్తే రేపు చెయ్యుమంట."

చెప్పులు వేసుకుంటూ అతను ఇంకోసారి వెనక్కి తిరిగి చూశాడు. "రేపొక్కటే దినం ఉన్నది వదినె."

మూడున్నరకు ఫోన్ మోగింది.

అనురాధ నీలం చీర కొంగు మీద గుండ్రటి పువ్వుకు నడిమి రాయి పెడుతోంది. కంపెనీ నంబరే. పుల్ల కింద పెట్టింది. పరుశురాంకు చేయాలా అనుకుంది. రేపు చేయమంటే చేస్తారా అనుకుంది. ఫోన్ నాలుగోసారి మోగింది. ఎత్తింది.

"నమస్తే, నేను మీనాక్షి మాట్లాడుతున్నాను. సోమలింగం గారితో మాట్లాడవచ్చా?"

ఆడపిల్ల గొంతు. బాగా అలసిపోయిన గొంతు. ఆ గొంతు వెనక కుక్కర్ కూత వేస్తోంది. చంటిపిల్ల ఒకటి ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో ఇంకా ఏడుస్తోంది. ఇంట్లో కూర్చునే పనిచేస్తున్నట్టుంది.

"హలో? సోమలింగం గారేనా?"

అనురాధ కళ్లు మూసుకుంది.

"హాఁ," అంది. "సోమలింగం బోల్ రహా హూఁ."

ఆడమనిషి కాబట్టి బోల్ రహీ అనాల్సింది, మగవాడిలా రహా అంది. గొంతు మార్చలేదు. మార్చడం ఆమెకు తెలియదు కూడా. రోజూ సమ్మక్కతో, కూరగాయల బండివాడితో మాట్లాడే గొంతుతోనే ఆ మాట అనేసి ఆగింది.

కుక్కర్ ఇంకో కూత వేసి ఆగింది. కీబోర్డు మీద ఒకటి రెండు అక్షరాలు నొక్కిన చప్పుడు. పాత కాల్స్ అన్నీ ఎదురుగా తెర మీద ఉంటాయని అనురాధకు అప్పుడు తట్టింది. మంగళవారం చెప్పింది, గురువారం చెప్పింది, అప్‌లోడ్ చేసిన కాగితం. అన్నీ అక్కడ రాసే ఉంటాయి. ఆ అమ్మాయి చదువుతోంది. చదువుతున్నంతసేపూ పిల్ల ఏడుస్తూనే ఉంది.

"ఈ కాల్ రికార్డవుతోంది, సర్," అంది మీనాక్షి. ఒక్కో మాటా విడివిడిగా పలికింది. "అందుకని నేను అడిగినదానికే జవాబు చెప్పండి. ఇంకేమీ చెప్పకండి. సరేనా సర్?"

అనురాధకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"సరే."

"మీ పుట్టిన తేదీ?"

చెప్పింది.

"రిజిస్టరైన మెయిల్ చిరునామా?"

అదీ చెప్పింది. మధ్యలో ఒక అక్షరం తడబడితే, మీనాక్షి తనే సరిచేసి, "అవును సర్, సరిపోయింది," అంది.

"ఇప్పుడు మీకు ఆరంకెలు వస్తాయి. చదవండి సర్."

చదివింది. మెసేజ్ అక్షరాలు అలుక్కుపోయి, చివరి అంకె చెప్పడానికి కొంగుతో కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టుంది, ఏడుపు ఒక్కసారిగా ఫోన్‌కు దగ్గరై, తరవాత వెక్కిళ్లలోకి దిగింది.

"మీ గుర్తింపు రుజువైంది సర్. గంటలో మీ సైట్ తెరుచుకుంటుంది. ఎల్లుండి జరగాల్సిన తొలగింపు రద్దు చేస్తున్నాను."

అంతే. నాలుగు నిమిషాలు. ఏడు రోజుల నుంచి ఎవరూ ఆపలేమన్నది ఆగిపోయింది.

"ఇంకేమైనా సహాయం కావాలా సర్?" అనలేదు ఆ అమ్మాయి.

"ఆరోగ్యం జాగ్రత్త సర్," అంది.

"మీరు కూడా," అంది అనురాధ. ఇంకేదో అనాలని ఉంది. ఇంకేమీ చెప్పొద్దన్నది గుర్తొచ్చి ఊరుకుంది.

*

ఆరున్నరకు సమ్మక్క కార్ఖానా నుంచి నేరుగా వచ్చింది. జుట్టు నిండా నూలు దుమ్ము. ఈసారి లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. సంచిలోంచి నోటుబుక్కు తీసింది. పెన్ను పట్టుకున్న చూపుడువేలు కొస, దారం ఆపి ఆపి, చీరుకుపోయి ఉంది.

"ఇక్కడనే ఒక్కసారి పెట్టి చూద్దునా అక్కా? నిజంగ తెరుచుకుందా లేదా?"

వద్దనాలనుకుంది అనురాధ. అంతలోనే సమ్మక్క ఫోన్లో పాఠం నొక్కేసింది.

"సరే పిల్లలూ," అన్నాడు సోమలింగం. "రెండు తెలియని సంఖ్యలున్నయనుకోండ్రి. ఒకదాన్ని జర పక్కకు పెడ్దాం. భయపడద్దు. పక్కకు పెట్టినమంటే పారేసినట్టు కాదు."

అనురాధ ఆ గొంతు కోసం యాభై రోజులుగా బిగబట్టుకుని ఉంది. వస్తే ఏమవుతుందో అనుకుంది. ఏమీ కాలేదు. అతను నెమ్మదిగా, మధ్యలో చాక్‌పీసు గీకినట్టు చప్పుడు చేస్తూ, ఎప్పటిలాగే చెప్పుకుపోతున్నాడు. ఆమె పుల్ల అందుకుని రాయి ఒకటి ఎత్తింది.

అప్పుడు అతని వెనక నుంచి ఒక ఆడగొంతు లేచింది.

"ఏమయ్యో! పాలు పొంగిపాయె! బడి తర్వాత నడుపు, ముందు ఆ పొయ్యి బంద్ చెయ్!"

సోమలింగం నవ్వాడు. "ఒక్క నిమిషం పిల్లలూ," అన్నాడు. కుర్చీ జరిపిన చప్పుడు, గిన్నె దించిన చప్పుడు వినిపించాయి. "చూసినవా, నీ బడి పాడుగాను," అని ఆ ఆడగొంతు ఇంకా తిడుతూనే ఉంది. అందులో కోపం లేదు. ఎవరి మీద విసుక్కున్నా చెల్లుతుందని తెలిసిన మనిషి గొంతు అది.

సమ్మక్క తలెత్తకుండానే నవ్వింది. "ఇది నాకు నోటికొచ్చు అక్కా. ఇక్కడ నువ్వు తిడ్తవ్. సార్ మళ్లొచ్చి మొదటి నుంచి చెప్తడు. గందుకే ఈ లెక్క నాకు మంచిగ సమజైంది."

అనురాధ చేతిలోని రాయి జారి చాప మీద పడింది. దాన్ని వెతకలేదు. మోకాళ్ల మీది చీరను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అలా అరిచే మనిషి తనే. ఆ గొంతు తనదే. దాన్ని ఎప్పుడు ఎక్కడ వదిలేసిందో ఆమెకు తెలియలేదు. ఆసుపత్రి మెట్ల మీదో, వార్డు ఆఫీసు గుండ్రంలోనో.

"ఏమైందక్కా? బంద్ చెయ్యాల్నా?"

"వద్దు," అంది. "కానియ్యి."

*

మంగళవారం పొద్దున చీరల మూట కట్టి, రాళ్లు అంటించడానికి చీరలిచ్చే సేఠ్ మనిషి కోసం చూస్తుండగా సోమలింగం ఫోన్‌కు మెయిల్ వచ్చింది. సైట్ తెరుచుకున్నందుకు ఏదైనా పలకరింపు అయి ఉంటుందనుకుంది. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ ఒకసారి చదివింది.

అది పత్రాల విభాగం నుంచి వచ్చింది. గత బుధవారం ఆమె అప్‌లోడ్ చేసిన మరణ ధ్రువపత్రాన్ని పునఃపరిశీలించారట. పేర్లలో తేడా ఉన్నా, తేదీ, చిరునామా సరిపోయినందున దాన్ని అంగీకరిస్తున్నారట. కుటుంబానికి సానుభూతి తెలియజేస్తున్నారు. ఖాతాదారు మరణించినట్టు ధ్రువీకరణ అయినందున, నిబంధనల ప్రకారం ఈ ఖాతాను ఇరవై నాలుగు గంటల్లో మూసివేసి, లోపలున్న సమాచారాన్ని తొలగిస్తారు. ఇది పొరపాటైతే ఖాతాదారు ఈ మెయిల్‌కే జవాబివ్వాలి.

ఆమె వారం రోజులు ఎవరికి చెప్పినా వినని మాటను, ఇప్పుడు విన్నారు.

సేఠ్ మనిషి సందు మొదట్లో సైకిల్ ఆపి బెల్లు కొట్టాడు. ఆమె మూటను గడప బయటకు నెట్టి, కాసేపు ఆగమని చేత్తో సైగ చేసింది. తలుపు దగ్గరకు వేసి, చాప మీద కూర్చుంది.

పాఠాలను అందులోంచి ఎలా దించుకోవాలో సోమలింగం ఒక్కడికే తెలుసు. పరుశురాంకు ఫోన్ చేయొచ్చు. వాడు మగ్గం దగ్గర ఉంటాడు, ఎత్తడు. మీనాక్షి కోసం అడగొచ్చు. ఆ పేరు ఎవరి ముందైనా ఎత్తితే ఆ అమ్మాయి నెత్తి మీదికే వస్తుంది. అనురాధ ఆ రెండూ అనుకుని, రెండూ వదిలేసింది. ధ్రువపత్రం ఉన్న ప్లాస్టిక్ కవరు బియ్యం డబ్బా వెనక నుంచి కొంచెం బయటికి కనిపిస్తోంది. లేచి వెళ్లి దాన్ని లోపలికి తోసి, వచ్చి కూర్చుంది.

జవాబు రాసే చోట వేలు పెట్టింది. ఇంగ్లీషులో ఆమెకు వచ్చిన మాటలు కొన్నే. వాటిలోంచి ఏరుకుని, ఒక్కో అక్షరం చూసి నొక్కుకుంటూ రాసింది. ఇది పొరపాటు. ఆ కాగితం నాది కాదు. ఇంకో వాక్యం రాయడానికి బొటనవేలు చాలాసేపు ఆగింది. బయట సైకిల్ బెల్లు మళ్లీ మోగింది.

నేను బతికే ఉన్నాను.

కింద సోమలింగం అని రాసింది. ఒకసారి చూసి, దాని పక్కన సార్ అని కలిపింది.

పంపించింది. వెళ్లిందో లేదోనని రెండుసార్లు చూసుకుంది.